42 స్లైడ్లు, పది నిమిషాలు: నర్స్ ఎడ్యుకేటర్ ఇంటర్వ్యూకి ఎలా తయారవ్వాలి

మొదటిసారి నర్స్ ఎడ్యుకేటర్ (నర్సులకి పని నేర్పే ఉద్యోగం) ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు నా పెన్‌డ్రైవ్‌లో సెప్సిస్ (ఇన్‌ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినే స్థితి) మీద 42 స్లైడ్ల పీపీటీ ఉంది. వాళ్లు ఇచ్చిన టైమ్ పది నిమిషాలు. తొమ్మిదో స్లైడ్ దగ్గర ఉండగా ప్యానెల్‌లో మధ్యన కూర్చున్న మేడమ్ చెయ్యెత్తి ఆపారు. "సిస్టర్, ఇదంతా పుస్తకంలో ఉంది. మీ క్లాసు విన్న ఫ్రెషర్ రేపు నైట్ డ్యూటీలో ఇవాళ్టికన్నా వేరుగా ఏం చేస్తుంది?" అని అడిగారు. నేను నీళ్లు నమిలాను. అప్పటికి ఎనిమిదేళ్లు ఐసీయూలో చేసినదాన్ని. బీపీ పడిపోతున్న పేషెంట్ పక్కన ఎన్ని రాత్రులు నిలబడ్డానో లెక్క లేదు. అయినా ఆ ఒక్క ప్రశ్నకి నోరు పెగల్లేదు. రెండు వారాలకి హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. మర్యాదగానే వద్దన్నారు.

మాది మదనపల్లె పక్కన పల్లె. బీఎస్సీ నర్సింగ్ అవ్వగానే బెంగళూరు బస్సెక్కాను, పదమూడేళ్లయింది. ఆ ఇంటర్వ్యూ పోయిన ఏడాదికి ఇంకోచోట ఎడ్యుకేటర్‌గా చేరాను. ఇప్పుడు అప్పుడప్పుడు టేబుల్‌కి అవతలి వైపు కూడా కూర్చోబెడుతున్నారు. మూడు నాలుగు నెలలకోసారి మా జూనియర్ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అక్కా, ఎడ్యుకేటర్ పోస్టుకి పిలిచారు, ఏం చదవాలి?" అని. చదవాల్సింది తక్కువే తల్లీ, చేసి పెట్టుకోవాల్సింది చాలా ఉంది అంటాను. ప్రతిసారీ అరగంట ఫోన్‌లో చెప్పేది ఇక్కడ రాస్తున్నాను.

పేరు ఒకటే, ఉద్యోగాలు రెండు

"ఎడ్యుకేటర్ కావలెను" అని చూడగానే అప్లై చేసేస్తాం. కానీ అది కాలేజీలోనా, హాస్పిటల్‌లోనా అన్నది ముందు తేల్చుకోండి. నర్సింగ్ కాలేజీలో ట్యూటర్ పని అంటే సిలబస్, క్లినికల్ పోస్టింగులు, ఇంటర్నల్ మార్కులు, రాజీవ్‌గాంధీ హెల్త్ యూనివర్సిటీ పరీక్షలు. అక్కడ పైకి వెళ్లాలంటే ఎమ్మెస్సీ ఉండి తీరాలి. హాస్పిటల్‌లో ఎడ్యుకేటర్ అంటే కొత్తగా చేరినవాళ్లకి ఇండక్షన్, స్కిల్ చెక్‌లిస్టులు, కాంపిటెన్సీ అసెస్‌మెంట్, మాక్ కోడ్ బ్లూ (పేషెంట్ గుండె ఆగినప్పుడు ఏం చేయాలో రిహార్సల్), ఎన్‌ఏబీహెచ్ (హాస్పిటళ్ల నాణ్యతకి గుర్తింపు ఇచ్చే మన దేశపు బోర్డు) అసెసర్లు వచ్చేలోపు ట్రైనింగ్ రికార్డులు సర్దడం. నాకు తెలిసింది ఈ రెండోదే, కాబట్టి దాని గురించే చెబుతాను.

పిలుపు వచ్చాక హెచ్‌ఆర్‌కి ఫోన్ చేసి అడగండి: డెమో క్లాస్ ఉందా, ఎన్ని నిమిషాలు, ఎదురుగా ఎవరెవరు కూర్చుంటారు, ప్రొజెక్టర్ ఉంటుందా. నేను మొదటిసారి మొహమాటపడి ఏదీ అడగలేదు. అడిగితే తక్కువగా చూస్తారేమో అనుకున్నాను. ఇప్పుడు అటువైపు కూర్చున్నాక తెలిసింది, ఇలా అడిగిన క్యాండిడేట్ పేరే మాకు గుర్తుంటుంది. క్లాస్ తీసుకునే ముందు క్లాసులో ఎవరుంటారో కనుక్కునే మనిషి అని అర్థమవుతుంది కదా.

ఆ హాస్పిటల్‌లో ఏ స్పెషాలిటీలు ఎక్కువో చూసుకోండి. గుండె ఆపరేషన్లు ఎక్కువగా జరిగే చోట డెమోకి ప్రసవం టాపిక్ తీసుకెళ్లకండి. ఎన్‌ఏబీహెచ్ ఉందా, జేసీఐ (అలాంటిదే అంతర్జాతీయ గుర్తింపు) కూడా ఉందా అన్నది చూడండి. జేసీఐ ఉంటే ఆరు పేషెంట్ సేఫ్టీ గోల్స్ అడగకుండా వదలరు.

కాగితాల గురించి రెండు మాటలే. ఆంధ్రాలోనో తెలంగాణలోనో రిజిస్టర్ అయి ఇక్కడికి వచ్చినవాళ్లు కర్ణాటక స్టేట్ నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఫైల్‌లో అన్నిటికన్నా పైన పెట్టండి. బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్ (గుండె ఆగిన మనిషిని కాపాడే ట్రైనింగులు) కార్డుల మీద తేదీ చూసుకోండి, అవి రెండేళ్లే చెల్లుతాయి. మొన్న ఒకమ్మాయి చక్కగా మాట్లాడింది. ఫైల్ తిప్పితే బీఎల్‌ఎస్ కార్డు ముందు నెలలోనే ఎక్స్‌పైర్ అయింది. నలుగురికి సీపీఆర్ నేర్పే ఉద్యోగానికి వచ్చి ఆ కార్డుతో కూర్చుంటే ఏం చెప్పాలి!

"నాకు టీచింగ్ ఎక్స్‌పీరియన్స్ లేదు"

స్టాఫ్ నర్సులందరూ అనేది ఇదే. ఫ్రెషర్ పక్కన నిలబడి మొదటి క్యాన్యులా (సెలైన్ ఎక్కించడానికి నరంలో పెట్టే చిన్న గొట్టం) వేయించలేదా? కొత్త ఇన్‌ఫ్యూజన్ పంప్ వచ్చినప్పుడు నైట్ వాళ్లకి మీరు చూపించలేదా? అది టీచింగే. రాసిపెట్టుకోలేదు, అంతే. ఇంటర్వ్యూకి రెండు మూడు నెలలు టైమ్ ఉంటే మీ ఇన్‌చార్జ్ మేడమ్‌ని అడిగి వారానికి ఒక పావుగంట వార్డ్ క్లాస్ తీసుకోండి. అటెండెన్స్ షీట్, మీరు వాడిన చెక్‌లిస్ట్ ఖాళీ కాపీ దాచుకోండి. పేషెంట్ల పేర్లు, నంబర్లు ఉన్న కాగితం మాత్రం ఒక్కటి కూడా ఫైల్‌లో ఉండకూడదు. "చూడండి మేడమ్, నా డాక్యుమెంటేషన్" అని కేస్‌షీట్ ఫోటో చూపించినవాళ్లను చూశాను. ఆ క్షణంతో ఇంటర్వ్యూ అయిపోయినట్టే.

వీటన్నిటికన్నా మీ దగ్గర ఒక కథ ఉండాలి. మీరు చెప్పడం వల్ల వార్డులో ఏదో ఒకటి మారిన కథ. చిన్నదైనా ఫర్వాలేదు. నాదీ చిన్నదే.

మా ఐసీయూ నుంచి కొన్నాళ్లు నన్ను మెడికల్ వార్డుకి మార్చారు. అక్కడ క్యాన్యులా వేసిన చెయ్యి వాచిపోయి, ఎర్రబడి, తాకితే పేషెంట్ అరిచేదాకా ఎవరూ చూసేవాళ్లు కాదు. చార్టులో మాత్రం వీఐపీ స్కోర్ (క్యాన్యులా వేసిన చోట నరం ఎంత వాచిందో చెప్పే అంకె) గడిలో వరసగా సున్నాలే. ప్రతి షిఫ్టులో ముందు షిఫ్ట్ చూసి సున్నా దించేస్తున్నారు. క్లాస్ పెడదామని అనుకున్నాను. తర్వాత హ్యాండోవర్ టైమ్‌లో గోడకి ఆనుకుని నిలబడి ఒక వారం గమనించాను. హ్యాండోవర్ మొత్తం బెడ్ కాళ్ల దగ్గర, ఫైల్ చూసి జరుగుతోంది. పేషెంట్ చెయ్యి దుప్పటి లోపల ఉంది. దుప్పటి తీయకుండా సున్నా కాకుండా ఇంకేం రాస్తారు?

అందుకని ఒక్కటే మార్చాం. హ్యాండోవర్ బెడ్ పక్కకి వచ్చి చేయాలి, దుప్పటి తీసి ఇద్దరూ కలిసి క్యాన్యులా వేసిన చోటు చూడాలి, ఇచ్చేవాళ్లు కాకుండా తీసుకునేవాళ్లు స్కోర్ చెప్పాలి. నొప్పి, ఎరుపు, వాపు: వీటిలో రెండు ఉంటే స్కోర్ రెండు, క్యాన్యులా తీసి వేరే చోట వేయాలి. చెయ్యి వాచిన కేసు కనిపించినప్పుడల్లా నేను నోట్‌బుక్‌లో ఒక గీత పెట్టుకున్నాను. మొదలుపెట్టిన నెలలో 11, మూడో నెలలో 4.

ఈ కథ రెండో ఇంటర్వ్యూలో చెప్పాను. చెబుతూ చెబుతూ కొంచెం పొంగిపోయాను కూడా. అప్పుడు ప్యానెల్‌లో క్వాలిటీ డిపార్ట్‌మెంట్ ఆయన చల్లగా అడిగారు. "మూడో నెలలో మీ వార్డులో బెడ్లే ఖాళీగా ఉన్నాయేమో సిస్టర్?" నిజమే కదా! పేషెంట్లు తగ్గితే కేసులూ తగ్గుతాయి. ఎన్ని క్యాన్యులాలకి నాలుగు, ఎన్ని రోజులకి నాలుగు అన్నది లేకుండా ఆ అంకెకి విలువ లేదు. అదృష్టం కొద్దీ సెన్సస్ (వార్డులో ఉన్న పేషెంట్ల లెక్క) నా నోట్‌బుక్‌లో ఉంది, రెండు నెలల్లోనూ వార్డు నిండుగానే ఉందని చెప్పగలిగాను. మీరు మాత్రం అదృష్టాన్ని నమ్ముకోకండి. మీ కథలో అంకె ఉంటే దాని కిందికి రావాల్సిన అంకె కూడా పట్టుకెళ్లండి.

డెమో

ఉద్యోగం వచ్చేదీ పోయేదీ ఎక్కువగా ఇక్కడే. పది నిమిషాల్లో ఒక్క పని నేర్పించవచ్చు, రెండు కుదరవు. సెప్సిస్ అనేది పని కాదు, సముద్రం. "బీపీ పడిపోతున్నప్పుడు డాక్టర్‌కి ఫోన్‌లో ఎస్‌బార్ పద్ధతిలో ఒక నిమిషంలో చెప్పడం" అనేది పని (ఎస్‌బార్ అంటే పరిస్థితి, వెనకటి సంగతి, మన అంచనా, మనం కోరేది అనే వరస). "మడమ మీద ప్రెషర్ ఇంజరీ (ఒత్తిడి వల్ల పుండు) రాకుండా దిండు పెట్టడం" పని. కాగితం మీద మొదటి లైన్‌గా ఆబ్జెక్టివ్ రాసేటప్పుడు చివర ఏ క్రియ పడుతోందో చూసుకోండి. "అర్థం చేసుకుంటారు", "తెలుసుకుంటారు" అని ఉంటే కొట్టేయండి. అర్థం చేసుకోవడం కంటికి కనిపించదు. "చేసి చూపిస్తారు", "లెక్కకట్టి చెబుతారు", "గుర్తుపట్టి రిపోర్ట్ చేస్తారు", ఇవి కనిపిస్తాయి. 1956 నాటి బ్లూమ్స్ టాక్సానమీ (నేర్పే లక్ష్యాలని మెట్లుగా విడదీసిన పట్టిక) మనం బీఎస్సీలో బట్టీ పట్టిందే. అదంతా ఈ ఒక్క క్రియ కోసమే అని నాకు పదేళ్ల తర్వాత తెలిసింది.

నా రెండో డెమోకి స్లైడ్ ఒక్కటి కూడా తీసుకెళ్లలేదు. ఒక క్యారీబ్యాగ్‌లో నాలుగు జతల తెల్ల గ్లవ్స్, స్టేషనరీ షాపులో కొన్న నీలం పోస్టర్ కలర్ సీసా, కాస్త టిష్యూ పేపర్, టేబుల్ మీద పరచడానికి పాత న్యూస్‌పేపర్. టాపిక్ హ్యాండ్ రబ్. ఆ టాపిక్ చెప్పగానే ప్యానెల్ మొహాలు వాడిపోవడం నాకు కనిపించింది. ఎన్నిసార్లు విని ఉంటారో పాపం.

"ఇద్దరు వాలంటీర్లు కావాలి" అన్నాను. సీఎన్‌ఓ (చీఫ్ నర్సింగ్ ఆఫీసర్) మేడమ్, హెచ్‌ఆర్ మేనేజర్ గారు గ్లవ్స్ వేసుకున్నారు. ఇద్దరి అరచేతుల్లోనూ కొద్దికొద్దిగా రంగు పోసి, "ఇది శానిటైజర్ అనుకోండి. కళ్లు మూసుకుని మీరు రోజూ ఎలా రుద్దుకుంటారో అలాగే రుద్దండి, నేను 20 సెకన్లు లెక్కపెడతాను" అన్నాను. హాస్పిటల్‌లో మామూలుగా ఎవరూ ఐదారు సెకన్లు దాటరు, కాబట్టి 20 చాలా పొడుగ్గా అనిపించింది వాళ్లకి. కళ్లు తెరవమన్నాను. మేడమ్ చేతుల మీద రంగు బాగానే పట్టింది, కుడి బొటనవేలి వెనక మాత్రం తెల్లగా ఉండిపోయింది. హెచ్‌ఆర్ గారికి రెండు బొటనవేళ్లూ, పది వేళ్ల కొసలూ తెల్లగా మిగిలాయి. ఆయన చేతులు పైకెత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే అందరూ నవ్వారు. అప్పుడు ఒక్క మాట అన్నాను: "సర్, మనం క్యాన్యులాని పట్టుకునేది ఈ తెల్లగా మిగిలిన చోటుతోనే." నవ్వులు ఆగిపోయాయి.

తర్వాత బొటనవేలు, వేళ్ల కొసలు ఎలా రుద్దాలో చూపించాను, వాళ్లచేత కొత్త గ్లవ్స్‌తో మళ్లీ చేయించాను. ఈ రిటర్న్ డెమో లేని డెమో సగం డెమో. చాలామంది తాము చేసి చూపించి "ఎనీ డౌట్స్?" అని ముగించేస్తారు. డౌట్స్ ఎవరికీ ఉండవు, మనకి తెలుసు. అవతలివాళ్ల చేత చేయించి, తప్పు దగ్గర ఆపి, సరిదిద్దాక మళ్లీ చేయించాలి. అలా ఆపేటప్పుడు మీ గొంతు ఎలా ఉందో ప్యానెల్ బాగా గమనిస్తుంది. వార్డులో ఫ్రెషర్‌ని పేషెంట్ ముందు కసిరే అలవాటు ఉంటే అది ఇక్కడ కూడా బయటపడిపోతుంది.

ఇంట్లో ప్రాక్టీస్ చేయండి, ఫోన్‌లో రికార్డ్ చేసుకుని వినండి. నాది నేను విన్నప్పుడు ఏడుపొచ్చింది. పది నిమిషాల్లో 31 సార్లు "యాక్చువల్లీ" అన్నాను. ఇంగ్లిష్ గురించి టెన్షన్ పడే మన వాళ్లకి ఒక మాట. మనం పదో తరగతి దాకా తెలుగు మీడియం అయితే ఏమైంది, చిన్న వాక్యాలు మాట్లాడండి. "లుక్ హియర్. దిస్ పార్ట్ ఈజ్ స్టిల్ వైట్. వై?" ఇంతకన్నా పెద్ద ఇంగ్లిష్ నా డెమోలో లేదు.

భాష సంగతి

బెంగళూరులో ఇది కచ్చితంగా వస్తుంది. ఇండక్షన్ బ్యాచ్‌లో పక్కపక్కనే మలయాళీ అమ్మాయిలు, మణిపూర్ వాళ్లు, మన అనంతపురం, చిత్తూరు వాళ్లు, స్థానిక కన్నడిగులు కూర్చుంటారు. క్లాస్ ఇంగ్లిష్‌లోనే జరుగుతుంది. పేషెంట్ మాత్రం కన్నడంలో మాట్లాడతాడు. "మీకు కన్నడ వచ్చా?" అని అడిగితే "మ్యానేజ్ చేస్తాను" అని వదిలేయకండి. నేను చెప్పిన ఉదాహరణ ఇది. "నోవు ఎల్లిదె?" అని నొప్పి ఎక్కడో అడగడం మన తెలుగువాళ్లకి రెండు రోజుల్లో వచ్చేస్తుంది. అసలు చిక్కు జవాబు దగ్గర. ఇక్కడి పెద్దవాళ్లు చాలామంది ఎంత నొప్పి ఉన్నా "స్వల్ప" అంటారు. ఫ్రెషర్ దాన్ని విని పెయిన్ స్కోర్ రెండు అని రాసేస్తుంది. అదే పేషెంట్‌కి సున్నా నుంచి పది దాకా గీత చూపించి వేలు పెట్టమంటే ఏడు మీద పెడతాడు. అందుకే నా ఇండక్షన్‌లో పెయిన్ క్లాస్ "స్వల్ప" అనే మాటతో మొదలవుతుంది. ఇలాంటిది మీ వార్డు నుంచి ఒకటి వెతికి పెట్టుకోండి. చెన్నైలో ఇంటర్వ్యూ అయితే "ఎంగ వలిక్కుదు?" దగ్గర మొదలుపెట్టి అక్కడి మాట పట్టుకోవాలి.

లెక్క అడుగుతారు, జవాబు కోసం కాదు

ఐసీయూ ఉన్న ప్రతి చోటా ఒక డ్రగ్ క్యాలిక్యులేషన్ ఇస్తారు. నాకు ఇచ్చింది: 50 ఎంఎల్ సిరంజిలో 4 మిల్లీగ్రాముల నార్‌ఎడ్రినలిన్ (బీపీ పెంచే మందు), 60 కిలోల పేషెంట్, కిలోకి నిమిషానికి 0.1 మైక్రోగ్రామ్ వెళ్లాలి, పంప్ ఎంత మీద పెట్టాలి? నిమిషానికి 6 మైక్రోగ్రాములు, గంటకి 360. సిరంజిలో ఒక ఎంఎల్‌కి 80 మైక్రోగ్రాములు. 360ని 80తో భాగిస్తే గంటకి 4.5 ఎంఎల్. ఇది చెప్పగానే అయిపోయిందనుకోకండి. వెంటనే "దీన్ని ఫ్రెషర్‌కి ఎలా నేర్పుతారు?" అంటారు.

ఫార్ములా బోర్డు మీద రాయిస్తాను అంటే మార్కులు పోయినట్టే. ఫార్ములా మర్చిపోతారు, లేదా గుర్తుండి కూడా చుక్క తప్పు చోట పెడతారు. 4.5 బదులు 45 కొడితే పంప్ ఏమీ అనదు, పోనిస్తుంది. నేను చేయించేది ఏమిటంటే, లెక్క మొదలుపెట్టే ముందే జవాబు సుమారుగా ఊహించి చెప్పమంటాను. ఈ సిరంజి 45 మీద పెడితే గంటకే ఖాళీ అయిపోతుంది కదా, ఈ డోస్‌లో అలా అవుతుందా అని అడుగుతాను. అంత వేగంగా ఖాళీ అవడం వింతగా అనిపించిన రోజు ఆ అమ్మాయి వేలు బటన్ మీద ఆగుతుంది. తర్వాత రెండో నర్స్ విడిగా లెక్క కట్టడం. విడిగా అంటే మొదటి నర్స్ జవాబు చూడకుండా అని. "చెక్ చేశావా?" "చేశాను" అనేది డబుల్ చెక్ కాదు.

సీనియర్ సిస్టర్ ప్రశ్న

"మీకన్నా పదిహేనేళ్లు సీనియర్ సిస్టర్ సూదికి మూత మళ్లీ పెడుతున్నారు. మీరు ఎడ్యుకేటర్. ఏం చేస్తారు?" వాడిన సూదికి మూత పెడుతుంటే వేలికి గుచ్చుకోవచ్చు, కాబట్టి అది చేయకూడని పని. ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో అడగని ప్యానెల్ లేదు. రిపోర్ట్ చేస్తాను అంటే గొడవల మనిషి అనుకుంటారు. గౌరవం కాబట్టి వదిలేస్తాను అంటే ఇంటికి పంపేస్తారు. కౌన్సెలింగ్ చేస్తాను అంటే ఏమీ చెప్పనట్టే.

నాకు ఇది నిజంగా ఎదురైంది. మా వార్డులో ఒక మలయాళీ చేచి (అక్క), చెయ్యి తిరిగిన మనిషి, దొరకని నరం కూడా ఆవిడ వేళ్లకి దొరికేది. సూదికి మూత పెట్టేవారు. సూది గుచ్చుకుంటే ఏమవుతుందో ఆవిడకి నేను చెప్పాలా? మధ్యాహ్నం భోజనాలయ్యాక పక్కన కూర్చుని, "చేచీ, ఎందుకు పెడుతున్నారు?" అని మామూలుగా అడిగాను. లేచి నన్ను కారిడార్ చివరికి తీసుకెళ్లి చూపించారు. షార్ప్స్ (వాడిన సూదులు, బ్లేడ్లు) వేసే తెల్ల డబ్బా అక్కడ ఉంది. ఎనిమిదో బెడ్ నుంచి అక్కడిదాకా విప్పిన సూది పట్టుకుని, అటెండర్ల మధ్యలోంచి నడవాలి. మూత పెట్టకపోతేనే ప్రమాదం అన్నది ఆవిడ లెక్క, అందులో తప్పేముంది? ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ సిస్టర్‌తో మాట్లాడి ప్రొసీజర్ ట్రాలీకే చిన్న డబ్బా తగిలించాం. సూది వాడిన చోటే పడేయడం మొదలయ్యాక మూత పెట్టాల్సిన పని లేకపోయింది. క్లాస్ ఒక్కటి కూడా పెట్టలేదు.

ఈ కథ చెబితే ప్యానెల్‌కి తెలిసేది ఒకటుంది: ఏది ట్రైనింగ్‌తో తీరే సమస్య, ఏది డబ్బా జరిపితే తీరే సమస్య అన్న తేడా ఈ మనిషికి తెలుసు. తప్పు జరిగిన ప్రతిసారీ "రీ-ట్రైనింగ్ ఇచ్చాం" అని ఇన్సిడెంట్ రిపోర్ట్ మూసేయడం మన హాస్పిటళ్లకి ఒక జబ్బు. దాన్ని గుర్తుపట్టే ఎడ్యుకేటర్ కోసమే మంచి సీఎన్‌ఓలు వెతుకుతుంటారు. దీనికి తోడు సూది నిజంగానే గుచ్చుకుంటే ఏం చేయాలో తడుముకోకుండా చెప్పాలి. సబ్బు నీళ్లతో కడగడం, పిండకపోవడం, వెంటనే రిపోర్ట్ చేయడం, హెచ్‌ఐవీ రాకుండా మందు అవసరమైతే వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టడం.

థియరీ పేర్లు

కిర్క్‌ప్యాట్రిక్ నాలుగు లెవెల్స్ (ట్రైనింగ్ ఎంత పనిచేసిందో కొలిచే మెట్లు), బెన్నర్ నోవిస్ టు ఎక్స్‌పర్ట్ (కొత్త నర్స్ నిపుణురాలయ్యే దశలు), మిల్లర్ పిరమిడ్ (తెలుసు అనడం నుంచి నిజంగా చేయడం దాకా మెట్లు). ఈ మూడు చాలు. చిలకపలుకుల్లా ఒప్పజెప్పకుండా మీ వార్డు మీద పెట్టి చెప్పండి. క్లాస్ బాగుందన్నారా అనేది కిర్క్‌ప్యాట్రిక్ మొదటి మెట్టు. పోస్ట్ టెస్ట్ పాసయ్యారా అనేది రెండోది. రెండు వారాల తర్వాత వార్డుకి వెళ్తే చేస్తున్నారా అనేది మూడోది. పేషెంట్‌కి మేలు జరిగిందా అనేది నాలుగోది. నా 42 స్లైడ్లు మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. బెన్నర్ 1984లో చెప్పినదాన్ని ఇలా వాడుకోవచ్చు: వార్డులో పదేళ్లు చేసిన సిస్టర్‌ని కొత్తగా డయాలిసిస్‌కి వేస్తే అక్కడ ఆవిడ మళ్లీ కొత్తమనిషే, సీనియర్ అని ఓరియెంటేషన్ ఎగ్గొట్టకూడదు.

ఎన్‌ఏబీహెచ్ గురించి అడిగితే రిజిస్టర్ల లిస్టు చదవకండి. అసెసర్ వచ్చి ఎడ్యుకేటర్‌ని తక్కువ అడుగుతారు, వార్డులో నిలబడ్డ నర్సుని ఎక్కువ అడుగుతారు. "కోడ్ పింక్ అంటే ఏమిటి? రక్తం కింద ఒలికితే ఏం చేస్తారు? చూపించండి." ఆ అమ్మాయి తడబడితే మీ ఫైల్‌లో ఆవిడ సంతకం ఎంత అందంగా ఉన్నా లాభం లేదు.

తెలియనిది అడిగితే "తెలియదు, పాలసీ చూసి చెబుతాను" అనండి. ఎడ్యుకేటర్ తోచింది చెబితే అది నలభై మంది నోళ్లలో రూల్ అయిపోతుంది. ఒప్పుకునే మనిషి వాళ్లకి కావాలి.

ఆ రోజు, ఆ తర్వాత

మొదటి ఇంటర్వ్యూకి సిల్క్ బోర్డ్ జంక్షన్ ట్రాఫిక్‌లో ఆటోలో ఇరుక్కుని పావుగంట లేటుగా, చెమటలు కక్కుకుంటూ వెళ్లాను. 2025 ఆగస్టు నుంచి మెట్రో ఎల్లో లైన్ నడుస్తోంది కాబట్టి ఆర్‌వీ రోడ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ, బొమ్మసంద్ర వైపు వెళ్లేవాళ్లకి ఆ బాధ తప్పింది. నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇంటర్వ్యూకి మాత్రం వెళ్లకండి, ఎవరితోనైనా డ్యూటీ మార్చుకోండి. చీరా చుడీదారా అని అందరూ అడుగుతారు. ఏదైనా సరే, డెమోలో వంగి లేచి చేతులు ఆడించడానికి వీలుగా ఉంటే చాలు. చేతికి గాజులు, ఉంగరం, నెయిల్ పాలిష్ వద్దు. హ్యాండ్ హైజీన్ చెప్పేవాళ్ల చేతులే ముందు చూస్తారు.

చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అంటారు. అడగండి. నెలకి ఎంతమంది ఫ్రెషర్లు చేరుతున్నారు? స్కిల్ ల్యాబ్ ఉందా, మ్యానికిన్ (ప్రాక్టీస్ చేసే బొమ్మ) పనిచేస్తోందా? క్లాస్ టైమ్‌లో స్టాఫ్‌ని వార్డు నుంచి వదిలే బాధ్యత ఎవరిది? ఎడ్యుకేటర్ రిపోర్ట్ చేసేది సీఎన్‌ఓకా, హెచ్‌ఆర్‌కా? చివరిది తేలిగ్గా తీసుకోకండి. హెచ్‌ఆర్ కింద అయితే ట్రైనింగ్ గంటల లెక్క తప్ప వార్డు మీద మీ మాట చెల్లడం కష్టం.

జీతం మాట్లాడేటప్పుడు బేసిక్ ఒక్కటే చూడకండి. ఎడ్యుకేటర్‌ది జనరల్ షిఫ్ట్, కాబట్టి నైట్ అలవెన్స్, ఓవర్‌టైమ్ డబ్బులు రెండూ పోతాయి. నాకు బేసిక్ పెరిగింది, చేతికొచ్చేది మాత్రం మొదటి ఆరు నెలలు ముందుకన్నా తక్కువే. ఇంట్లో ఈఎంఐలు ఉన్నవాళ్లు స్టాఫ్ నర్స్ పే స్లిప్ పక్కన పెట్టుకుని లెక్క వేసుకోండి.

ఇంకొకటి. స్టాఫ్ తక్కువైన రోజు ఎడ్యుకేటర్‌ని వార్డుకి లాగుతారా అని అడిగితే నేను చేరినచోట "అబ్బే, ఎప్పుడో ఒకసారి" అన్నారు. చేరిన రెండో నెలలో 19 రోజులు వార్డులోనే ఉన్నాను, ఇండక్షన్ బ్యాచ్ స్కిల్ ల్యాబ్‌లో వీడియోలు చూస్తూ కూర్చుంది. తర్వాత మా మేడమ్‌తో మాట్లాడి నెలకి రెండు రోజులకి మించకూడదని మెయిల్‌లో రాయించుకున్నాను. మీరు ఆ లైన్ ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోండి, చేరకముందే.